ముంజకాయ తలకాయ

శ్రోతలకు నమస్కారం. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే అందుకోండి. ఇవాళ ఒక పెద్దమనిషిని గీద్దాం. ఒళ్లు మనిషిది, తలకాయ ముంజకాయ.

తల ఉండాల్సిన చోట తినే వస్తువు పెట్టడం కొత్తేమీ కాదు. పదహారో శతాబ్దంలోనే ఆర్చింబోల్డో అనే ఇటలీ చిత్రకారుడు రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ముఖాన్ని పళ్లతో, కూరగాయలతో పేర్చేశాడు. మనకంత పనితనం అక్కర్లేదు. పది పన్నెండు గీతలు చాలు.

ఇడ్లీ తల పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు. కాకపోతే ఇడ్లీకి కళ్లు మనం గీయాలి. గీశామా, చాక్లెట్ కాగితం మీది బొమ్మైపోతుంది. ముంజకాయ తన కళ్లు తనే తెచ్చుకుంటుంది. పైన కత్తితో చెక్కితే మూడు.

ఏ ఫోర్ కాగితం అడ్డంగా పెట్టి, 8 సెంటీమీటర్ల చదరపు గళ్లు మూడు గీయండి. గడికీ గడికీ మధ్య 6 మిల్లీమీటర్లు వదలండి. తల రెండున్నర సెంటీమీటర్లు, ఒళ్లు నాలుగు. తలలో మూడు కోలగుండ్రాలు, అంతే. కనుబొమలు వద్దు, నోరు వద్దు. ఒళ్లు మాత్రం రోజూ ఆఫీసుకెళ్లే మనిషిదే: టక్ చేసిన చొక్కా, చేతిసంచీ, చెప్పులు. తల ఎంత వింతగా ఉంటే ఒళ్లు అంత మామూలుగా ఉండాలి.

చోటు మన విశాఖ బీచ్ రోడ్డు. సముద్రానికి ఒకే అడ్డగీత. అది ఆయన నడుము దగ్గర సాగాలి. మెడ దగ్గర సాగిందంటే పీక తెగినట్టుంటుంది. గీత కుడి చివర చిన్న మూపురం ఎత్తండి, అదే డాల్ఫిన్ నోస్ కొండ.

మొదటి గడి. ఆయన బస్సు కోసం నిలబడ్డాడు. పక్కన ఒక కుర్రాడు, చేతులు వెనక్కి కట్టుకుని. రెండో గడి నిండా బస్సు. పొడవాటి పెట్టె, రెండు చక్రాలు, 900కె అని నంబరు. మనుషులిద్దరూ దాని చాటున ఉన్నారు. మూడో గడి. బస్సు పోయింది. కుర్రాడి బుగ్గ ఒకటి ఉబ్బింది. ఆయన కళ్లలో ఒకటి లేదు. ఆయన మాత్రం అలాగే నిలబడ్డాడు.

కుర్రాడు బొటనవేలితో ముంజ తోడటం మనం గీయలేదు. అది బస్సు చాటున జరిగింది. మాట ఒక్కటీ లేదు. మన కార్టూనిస్టులు క్యాప్షన్‌లెస్ అనేది దీన్నే.

ఇక అసలు సంగతి, నలుపు. ముంజ ఉన్న కన్ను తెల్లగా వదలాలి, పోయిన కన్ను నల్లగా నింపాలి. మూడు గళ్లలోనూ నలుపు ఆ ఒక్కచోటే. చాలామంది టైర్లు నల్లగానే ఉంటాయి కదా అని బస్సు చక్రాలు నింపేస్తారు. చూపు నేరుగా టైరు మీదకు పోతుంది, కన్ను పోయిన సంగతి ఎవరికీ కనబడదు. జుట్టు నింపొద్దు, చెప్పులు నింపొద్దు. మళ్లీ చెబుతున్నాను, నలుపు ఒక్కచోటే.

మూడో గడిలో ఆయన్ని చూసి గీయకండి, మొదటి గడిని కిటికీ అద్దానికి ఆనించి వేరే పల్చని కాగితం మీదకు దించుకోండి, దాన్నుంచి మూడో గడిలోకి దించండి. రెండు మిల్లీమీటర్లు జరిగినా ఆయన కదిలాడనుకుంటారు, నవ్వు పోతుంది. సిరా విషయంలో మన ఊరి గాలి చెమ్మగాలి. జిరాక్సు కాగితం మీద బ్రష్ పెన్నుతో నింపితే అంచులు పాకుతాయి. దళసరి డ్రాయింగ్ కాగితం వాడండి. ముందు సన్నపెన్నుతో అంచు గీసి, ఆరనిచ్చి, లోపల నింపండి. రబ్బరు పెట్టడానికి పావుగంట ఆగండి.

రేపు ఇంకో బొమ్మలో రెండో కన్ను, ఎల్లుండి మూడోది. ఆ తర్వాత ఖాళీ ముంజకాయతో ఏం చేస్తారో పల్లెల్లో పెరిగిన వాళ్లకి తెలుసు, పుల్ల గుచ్చి బండి చేస్తారు. బండికి కాయలు రెండు కావాలి. కాబట్టి ఆ బస్టాపులో ఆయన పక్కన ఇంకొకాయన్ని ఇప్పుడే నిలబెట్టి ఉంచండి.