రెండు టన్నులకి లారీ

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, భోజనాలయ్యాక కూడా కదలకుండా కూర్చున్న మీకు నమస్కారం. సప్లై చైన్ మోడల్లో, అంటే సరుకు ఎక్కణ్నించి ఎక్కడికి ఎంత పంపితే చవకో తేల్చే కంప్యూటర్ లెక్కలో, మెట్ల ఖర్చులు ఎలా నిర్వచించాలో మూడు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటి భాగం దాటతానన్న నమ్మకం నాకు లేదు.

20 టన్నుల లారీ, ట్రిప్పుకి 10,000 అనుకోండి. ఒక్క టన్ను వేసినా 10,000, ఇరవై వేసినా అంతే. 21 అయితే 20,000. మెట్టంటే ఇదే. నేనేం చేశాను? ఎన్ని టన్నులకి ఎంత ఖర్చో చెప్పే పట్టిక నింపడానికి బద్ధకించి, 10,000ని 20తో భాగించి టన్నుకి 500 అని కొట్టేశాను. మోడల్ ఆరు డిపోలకి తలా రెండు టన్నులు పంచి, మొత్తం 6,000 అంది. స్లైడ్లు వేసి గొప్పగా చూపించాను. వెనక కూర్చున్న లోడింగ్ సూపర్‌వైజర్ లేచి, "సార్, రెండు టన్నులేస్తే లారీవాడు పదోవంతు కిరాయే తీసుకుంటాడా?" అన్నాడు. ఆరు లారీలు, 60,000. నీళ్లు నమిలాను. ఇక్కడ టన్ను రేటు కొట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, సిగ్గుపడకండి. ఎత్తనివాళ్ల మోడళ్లు కూడా ఓసారి చూడాలి!

సరే, పట్టిక నింపాం: 0 నుంచి 20, 20 నుంచి 40. మరి సరిగ్గా 20 ఏ వరసలోది? మాన్యువల్ చదివి నమ్మేయకండి. ఒకసారి 20, ఒకసారి 20.01 పంపి ఖర్చు చూడండి. ఆ పట్టిక ట్రిప్పుకా, నెలకా అన్నదీ తేల్చుకోండి. వారానికి 10 టన్నుల చొప్పున నాలుగు వారాలు పంపితే నాలుగు లారీలు. నెల మొత్తం 40 అని లెక్కిస్తే రెండే. సగం ఖర్చు మాయం!

ఇలాంటి మోడళ్లలో అతి తక్కువ ఖర్చు వెతికే సింప్లెక్స్ పద్ధతి 1947లో వచ్చింది, గణితవేత్త డాంట్జిగ్ చలవ. దానికి సరళరేఖలే తెలుసు. మెట్టు కావాలంటే లారీల సంఖ్య పూర్ణాంకంగా ఉండాలి. అందుకు బ్రాంచ్ అండ్ బౌండ్ (లెక్కని కొమ్మలుగా చీల్చి, పనికిరాని కొమ్మల్ని కొట్టేసే పద్ధతి) దారి 1960లో చూపింది ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ అనే ఇద్దరు మహిళలు. ఆ పేర్లు మన తరగతుల్లో ఎందుకు వినపడవో... అది వేరే ప్రసంగం.

అలాగని ప్రతి రవాణా దారికీ మెట్లు కట్టకండి, సాల్వర్, అంటే లెక్క తేల్చే ప్రోగ్రాం, రాత్రంతా గింజుకుంటుంది. ఒకే విడతలో 401 టన్నులు పోయే దారిలో 21 లారీలకి 2,10,000, టన్ను రేటుతో 2,00,500. తేడా అయిదు శాతం లోపే, వదిలేయండి. రెండు టన్నుల దారుల దగ్గరే కొంప మునిగేది.

గంట కొడుతున్నారు. మిగతా రెండు భాగాలు సంచీలోనే ఉన్నాయి. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు టీ దగ్గరికి రండి, మీ మోడల్‌కి సరిగ్గా 20 ఇచ్చి చూద్దాం.