పోటీ రోబోకు విడదీసే బంపర్లు: గుడ్డ కప్పకముందే చేయాల్సిన పని

నమస్కారం. నెల్లూరులోని మా వర్క్‌షాపు నుంచి ఈ వీడియోలో, హైస్కూలు విద్యార్థుల జట్లు తలపడే ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో పాల్గొనే రోబోకు విడదీసి మళ్లీ బిగించుకోగలిగే బంపర్లను ఎలా చేయాలో చూపిస్తాను. బంపరు అంటే రోబో ఫ్రేము చుట్టూ బిగించే మెత్తటి రక్షణ: వెనక చెక్క, దానిమీద నురగ, పైన గుడ్డ. బల్ల మీద మీకు కనిపిస్తున్న జత 2024 నియమాల ప్రకారం చేసినది. అప్పటి నియమాల్లో బంపరు మొత్తం నేల నుంచి ఏడున్నర అంగుళాల ఎత్తు లోపలే ఉండాలి. వెనక ఉండే చెక్క ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల ఎత్తు ఉండాలి, ఎత్తులో అర అంగుళం అటూ ఇటూ అయినా పరవాలేదు. 2025లో ఈ కొలతలు బాగా మారాయి కాబట్టి, జనవరిలో ఆ ఏటి నియమావళి రాగానే బంపర్ల భాగం పూర్తిగా చదివిన తరువాతే రంపం పట్టుకోండి.

ఒక మ్యాచ్‌లో ఎరుపు పక్షాన, మరో మ్యాచ్‌లో నీలం పక్షాన ఆడవలసి వస్తుంది కాబట్టి, పక్షాన్ని బట్టి బంపర్ల రంగు మార్చడం తప్పదు. ఇద్దరు మనుషులు 5 నిమిషాల లోపు బిగించగలగాలన్నది అప్పటి నియమావళి చెప్పిన కొలమానం. అలాగని వెల్‌క్రోతోనో, టేపుతోనో అతికిస్తే ఒప్పుకోరు, గట్టిగా బిగిసి ఉండాలి.

చెక్కను ఇలా కోసి, మూలలు ఇలా కలిపి, రెండు సగాలుగా చేసుకోండి. నవంబరు వానలకు మన ఊళ్లో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, అందుకని కోసిన అంచులకు రంగు పూయండి.

ఇప్పుడు కెమెరాను దగ్గరకు తెస్తున్నాను, ఇక్కడ తొందరపడవద్దు. ఇది టీ-నట్, అంటే బోల్టు పట్టడానికి చెక్కలో దిగగొట్టే నట్టు. ఒక చివర వెడల్పాటి బిళ్ల, దానికి చెక్కలో దిగే పళ్లు ఉన్నాయి. మొదటిసారి మేము ఈ బిళ్లను ఫ్రేము వైపు దిగగొట్టాము. బోల్టు బిగించగానే అది నట్టును ఫ్రేము వైపు లాగింది, పళ్లు చెక్కలోంచి ఊడి వచ్చాయి, చెక్క మాత్రం వదులుగానే ఉండిపోయింది. సరిచేయడానికి గుడ్డ పిన్నులన్నీ పీకవలసి వచ్చింది. బిళ్ల ఎప్పుడూ నురగ వైపు, అంటే బయటి ముఖాన ఉండాలి, అప్పుడు బోల్టు ఎంత బిగిస్తే పళ్లు చెక్కలోకి అంత లోతుగా దిగుతాయి. మళ్లీ చెబుతున్నాను, బిళ్ల నురగ వైపే, అదీ నురగ, గుడ్డ వేయకముందే.

రంధ్రాలు కుదరడానికి నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. చెక్కకూ ఫ్రేముకూ మధ్య మీరు వాడబోయే గుడ్డనే మడిచి పెట్టి, సి-క్లాంపుతో బిగించి, రెండింటినీ ఒకేసారి డ్రిల్ చేయండి. గుడ్డ మందాన్ని ముందే లెక్కలో వేస్తే చివర్లో మూలలు పట్టకపోవడం ఉండదు. ఏ సగం ఏ వైపుదో చెక్క వెనక అప్పుడే అక్షరం రాసుకోండి.

ఇక పూల్ నూడిల్స్, అంటే ఈతకొలనులో వాడే పొడవాటి నురగ కడ్డీలు, రెండింటిని ఒకదానిమీద ఒకటి పెట్టండి, మూలల్లో ఖాళీ లేకుండా నింపండి. గుడ్డను లాగి వెనక పిన్నులు కొట్టండి. మేము ఆటో సీట్లు కుట్టే ఆయన చేత మూలలు కుట్టించాము, చాలా గట్టిగా వచ్చాయి. జట్టు అంకెలు తెల్లగా వేయండి.

చివరిగా, ఇప్పుడు గడియారం పెట్టాము, మా వాళ్లిద్దరూ బిగిస్తున్నారు. అన్ని బోల్టులూ పట్టాక బంపరును రెండు చేతులతో పట్టుకుని రోబోను ఇలా కుదపండి, చెక్కకూ ఫ్రేముకూ మధ్య చప్పుడు రాకూడదు. వస్తే, ఏ బోల్టు దగ్గర వస్తోందో చూసి అక్కడి టీ-నట్‌ను పరీక్షించండి.