అన్నం తినే ఊళ్ళో గోధుమ జబ్బు

శ్రోతలకు నమస్కారం.

"మనం అన్నం తినేవాళ్ళం కదమ్మా, మనకెందుకొస్తుంది గోధుమ జబ్బు?" గోధుమ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ అనే జబ్బు నాకు ఉందని చెప్పగానే తిరుపతిలో చాలామంది అడిగే మాట ఇది. మన వైపు ఈ జబ్బు ఆలస్యంగా బయటపడడానికి ఆ నమ్మకం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. రోజూ రొట్టెలు తినే ఉత్తర భారతంలో డాక్టర్లకు ఇది బాగా పరిచయం. కానీ ఇప్పుడు మన ఇళ్ళలో మాత్రం గోధుమ లేని రోజు ఏది? పొద్దున ఉప్మా, సాయంత్రం టీతో బిస్కెట్లు, షుగర్ ఉన్నవాళ్ళకు రాత్రి చపాతీ.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ పేగులోకి అది చేరితే, మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి మన పేగునే దెబ్బతీస్తుంది. చిన్నపేగు లోపలి పొర టర్కీ టవల్ లాగా సన్నని పోగులతో నిండి ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చేది ఆ పోగులే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

నాకు విరేచనాల కంటే ముందు కనిపించింది రక్తహీనత. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పెరగలేదు. నోట్లో పుండ్లు, ఎముకల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వేడి చేసిందన్నారు, టెన్షన్ అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అనుమానం రాగానే గోధుమ మానేసి పరీక్షకు వెళ్ళకండి. మానేస్తే జబ్బు ఉన్నా రిపోర్టులో కనిపించకపోవచ్చు.

దీనికి మందు లేదు, పథ్యమే వైద్యం. ఆ సంగతి కనిపెట్టింది నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు విలెమ్ డికె. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944–45 చలికాలపు కరువులో అక్కడ రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే మళ్ళీ పడకేశారు. ఈ విషయం మీద ఆయన తన పరిశోధన గ్రంథాన్ని 1950లో సమర్పించారు.

చపాతీ, పూరీ, పరోటా మానడం తేలిక. కష్టమంతా కంటికి కనపడని గోధుమతోనే. ఇంగువ డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చాలా కంపెనీల ఇంగువలో మైదానో గోధుమపిండో కలిపి ఉంటుంది. సాంబారులో, పులిహోరలో, ఊరగాయలో అదే కదా పడేది! హోటల్లో మైసూరు బోండాలు మైదాతో చేస్తారు, ఆ నూనెలోనే మన మిరపకాయ బజ్జీ కూడా వేగుతుంది. రవ్వదోసె వేసిన పెనం మీదే మామూలు దోసె పోస్తారు. నీరసంగా ఉందని ప్రేమగా ఇచ్చే హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. కాళ్ళు వాచాయని తాగించే బార్లీ నీళ్ళూ మాకు పనికిరావు.

పిండి మిల్లు సంగతి మరీ ముఖ్యం. మన చిత్తూరు సీమ రాగి సంగటి మాలాంటివాళ్ళకు నిజంగా వరం. కానీ గోధుమలు పట్టిన మరలోనే రాగులు పోస్తే, లోపల మిగిలిన తెల్లపిండి మన సంచిలోకే వస్తుంది. అందుకే మా ఇంట్లో రాగులు ఏరి, కడిగి, మిద్దె మీద ఎండబెట్టి మిక్సీలోనే పట్టుకుంటాం. పని ఎక్కువే. అయినా ఆ సంగటి, ఊరిబిండి భయం లేకుండా తింటాను. ప్యాకెట్ సరుకు కొనాల్సివస్తే గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉందో లేదో చూస్తాను. మన దేశ నిబంధనల ప్రకారం అలా రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

"ఒక్క ఓళిగ తింటే ఏమవుతుంది పాపా?" అని పెద్దవాళ్ళు అడిగితే బాధేస్తుంది. వాళ్ళది ప్రేమే. కానీ రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ లోపలికి వెళ్ళినా పేగు దెబ్బతినవచ్చని పరిశోధనల్లో తేలింది. ఓళిగ చుట్టూ ఉన్న మైదా పొరలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పెళ్ళిళ్ళలో అన్నం, నెయ్యి, పెరుగు పెట్టి ఊరుకునేవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

పథ్యంతోనే అన్నీ సర్దుకుంటాయని అనుకోవద్దు. సీలియాక్ ఉన్నవాళ్ళలో థైరాయిడ్ జబ్బు, చిన్న వయసులో వచ్చే టైప్ 1 షుగర్ మామూలు కంటే ఎక్కువ. నాకు థైరాయిడ్ తోడైంది. ఆ మాత్ర పరగడుపునే వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు దానికి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి, బి12 చూపించుకుంటాను, ఎముకల స్కాన్ చేయించుకున్నాను. మొదట్లో పాలు తాగినా కడుపు ఉబ్బేది. పేగు మానాక అది తగ్గింది. అలసట మాత్రం ఇప్పటికీ కొన్ని రోజులు వదలదు. అలాంటప్పుడు డాక్టరు మొదట అడిగేది, ఎక్కడైనా తెలియకుండా గోధుమ లోపలికి వెళుతోందా అనే.

ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. వాళ్ళలో సుమారు పదిమందికి ఒకరికి ఇది ఉండే అవకాశం ఉంది. ఎదగని పిల్లలు, కారణం తెలియని రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే అసలు ఆలస్యం చేయకండి. మా తమ్ముడికి చేయిస్తే లేదని వచ్చింది. అయినా ఇది ఏ వయసులోనైనా మొదలవ్వొచ్చు కాబట్టి, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చేయించమని డాక్టరమ్మ చెప్పారు. నమస్కారం.