మౌస్ కదలకపోతే ఫార్మాట్ కొట్టకండి

పెద్దలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

పర్లాకిమిడిలో కంప్యూటర్ గురించి తెలుగులో మాట్లాడే అవకాశం దొరకడం నాకు సంతోషం. మన పిల్లలకు బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. రిపేరు సంగతి ఇంటి భాషలో చెప్పుకుంటే త్వరగా ఒంటబడుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఈ మాట వేరే నిరూపించక్కర్లేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగింది. పాత మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని పారెయ్యలేక జిరాక్స్ షాపుల వాళ్ళు, ఆన్‌లైన్ ఫారాలు నింపేవాళ్ళు, చదువుకునే పిల్లలు ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాలు వేసుకుంటున్నారు. మంచి పని. అయితే ఒకరోజు ఉన్నట్టుండి బాణం కదలదు. టెన్షన్ మొదలవుతుంది. షాపుకి తీసుకెళితే "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. అలా కొట్టించుకుని ఏడాది నోట్సు మొత్తం పోగొట్టుకున్న ఒక డిగ్రీ అమ్మాయి నాకు తెలుసు. బరంపురం వెళ్ళినా శ్రీకాకుళం వెళ్ళినా మనకి ఒక పూట పోతుంది. ఆ పూట కూడా దండగే. మౌస్ పనిచెయ్యకపోతే డిస్కు తుడిచెయ్యాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు.

ఎందుకో చెబుతాను. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో పుట్టినప్పుడు దానికి బొమ్మల తెర లేదు, అంతా కీబోర్డే. బొమ్మల తెరను నడిపే ఎక్స్ విండో 1984లో అమెరికాలోని ఎంఐటీలో వచ్చింది. యునిక్స్ బాటలో వచ్చిన లినక్స్ కూడా మౌస్ లేకుండా హాయిగా నడుస్తుంది. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే ఉబుంటులో, మింట్‌లో కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరుచుకుంటుంది. అదీ రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. నల్లటి తెర మీద లాగిన్ అడిగిందంటే సిస్టమ్ బాగానే ఉంది, పైనున్న డెస్క్‌టాప్ ఒక్కటే బిగుసుకుంది.

ఇక వెతకడం. చివరి మడికి నీళ్ళు రాకపోతే మనం ఏం చేస్తాం? తూము దగ్గర్నుంచి కాలువ గట్టు వెంబడి నడుచుకుంటూ ఎక్కడ ఆగిందో చూసుకుంటాం. మౌస్ నుంచి వచ్చే కబురుకీ అలాంటి దారే ఉంది. ముందు వైరు, పోర్టు. తర్వాత కెర్నల్. అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే సిస్టమ్ గుండెకాయ. తర్వాత లిబ్‌ఇన్‌పుట్, అంటే మౌస్ కదలికల్ని అర్థం చేసుకుని పైకి పంపే సాఫ్ట్‌వేర్. చివరికి తెరను నడిపే ఎక్స్ లేదా వేలాండ్, దాని మీద డెస్క్‌టాప్. ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వైరు దగ్గర ఎక్కువసేపు ఉండండి. ఎర్ర లైటు వెలుగుతోంది కాబట్టి మౌస్ మంచిదే అనుకుంటారు. కరెంటు అందుతోందని మాత్రమే ఆ లైటు చెబుతుంది, డేటా వెళుతోందని కాదు. వైరు మౌస్‌లోకి దూరే చోట లోపల తెగి ఉండొచ్చు. హబ్బు తీసేసి, సీపీయూ వెనక పోర్టులో పెట్టి చూడండి. వేరే కంప్యూటర్‌కి తగిలించి చూడండి. గాజు బల్ల మీద ఆప్టికల్ మౌస్ తడబడుతుంది, కింద కాగితం వెయ్యండి. వైర్‌లెస్ అయితే ముందు బ్యాటరీ మార్చండి. దాని రిసీవర్ పక్కనే యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ ఉంటే అది పుట్టించే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పాడుచేస్తుంది. ఇంటెల్ ఈ సంగతి 2012లోనే వివరంగా రాసింది. రిసీవర్‌ని కాస్త దూరంగా పెడితే చాలు.

తర్వాత కెర్నల్. బోర్డు మీద రాసిన మొదటి కమాండ్ చూడండి: సుడో డీమెసేజ్, పక్కన డాష్ డబ్ల్యూ (sudo dmesg -w). కెర్నల్ రాసుకునే కబుర్లని ఇది చూపిస్తుంది. అది కొట్టి మౌస్ పీకి మళ్ళీ పెట్టండి. లో-స్పీడ్ యూఎస్‌బీ డివైస్ దొరికిందనే వరుస, దాని కింద మౌస్ పేరు వస్తే కెర్నల్ దాన్ని గుర్తుపట్టింది. "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71" అని వస్తే చాలావరకు వైరో, పోర్టో, కరెంటో కారణం. అసలేమీ రాకపోతే ఇంకో పోర్టు చూసి, తర్వాత మౌస్ మార్చండి. సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు.

నాకు బాగా నచ్చేది తర్వాతి కమాండ్: సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ (sudo libinput debug-events). అది లేదంటే లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. ఇప్పుడు ఈ మౌస్‌ని కొద్దిగా జరుపుతున్నాను, చూడండి. జరిపినప్పుడల్లా పాయింటర్ మోషన్ అని ఒక్కో వరుస పడుతోంది, పక్కన అడ్డం ఎంత, నిలువు ఎంత అని అంకెలు. ఎడమ బటన్ నొక్కితే ప్రెస్డ్, వదిలితే రిలీజ్డ్. బాణం కదలకపోయినా ఈ వరుసలు పడుతున్నాయంటే మౌస్ మంచిది, కెర్నల్ మంచిది. గొడవ పైనుంది.

అప్పుడు కొత్త యూజర్ అకౌంట్ తెరిచి లాగిన్ అవ్వండి. అందులో బాణం కదిలితే తప్పు మీ సెట్టింగుల్లోనే. ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఆగితే, వేరే మౌస్ పెట్టినప్పుడు దాన్ని ఆపెయ్యమనే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఎక్స్ వాడుతుంటే, తగిలించిన మౌసులు, కీబోర్డుల జాబితా చూపే ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్ (xinput list) కమాండ్ పనికొస్తుంది. వేలాండ్‌లో దాన్ని నమ్ముకోకండి.

నిన్న అప్‌డేట్ చేశాక ఆగిందా? బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నల్ ఎంచుకోండి. దానిలో పనిచేస్తే కారణం దొరికినట్టే. కాసేపు వదిలేస్తే మౌస్ నిద్రపోయి లేవకపోతే కరెంటు ఆదా కోసం వాడని పరికరాన్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని అనుమానించండి. పాత ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ స్లీప్ నుంచి లేచాక చచ్చుబడితే, అది యూఎస్‌బీ కాక పాత పీఎస్/2 రకం అయినప్పుడు, దాని డ్రైవర్ అయిన పీఎస్‌మౌస్ మాడ్యూల్‌ని తీసి మళ్ళీ ఎక్కిస్తే చాలాసార్లు లేస్తుంది.

ఇవన్నీ చూసినా కుదరకపోతే అడగండి. కానీ "మౌస్ పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్కతో అడగొద్దు. ఏ డిస్ట్రో (ఉబుంటా, మింటా), ఏ కెర్నల్, ఎక్సా వేలాండా, మౌస్ పెట్టినప్పుడు డీమెసేజ్‌లో పడిన వరుసలు, వేరే కంప్యూటర్‌లో పనిచేసిందా లేదా, ఇవి కాగితం మీద రాసుకుని రండి. వెనక బల్ల మీద పాత మెషీన్లు నాలుగు పెట్టించాను. మీ ఇంటి నుంచి తెచ్చిన మౌసులుంటే ఇప్పుడే తగిలించి చూద్దాం.