నెలకో బ్లాకు: చేత్తో కుట్టే బొంతకు ముందే తేల్చుకోవాల్సిన రెండు సంగతులు

(బల్ల మీద బొంత. కెమెరా కుట్ల వెంబడి మెల్లగా కదులుతుంది.)

నమస్తే. వరంగల్, హన్మకొండ వైపు పాత ఇళ్లలో ట్రంకు పెట్టె తెరిస్తే అడుగున తరచూ ఒక బొంత కనిపిస్తుంది. నూలు చీరలు మూడు నాలుగు పొరలుగా పరిచి, వరుసగా కుట్లు వేసుకుంటూ పోయిన బొంత. ఈరోజు చెప్పేది కూడా బొంత గురించే, కాకపోతే పద్ధతి వేరు. నెలకు ఒక చదరపు ముక్క కుడతాం. దాన్ని బ్లాకు అంటారు. ఒక నెల నైన్ ప్యాచ్, మరో నెల ఒహైయో స్టార్, ఇంకో నెల లాగ్ క్యాబిన్, ఇట్లా ఒక్కో నెలకు ఒక్కో డిజైన్. కొన్నేళ్లకు అన్నీ కలిపి ఒక బొంత అవుతుంది.

చాలామంది ఉత్సాహంగా మొదలుపెట్టి ఏడో ఎనిమిదో బ్లాకు దగ్గర ఆపేస్తారు. ఓపిక లేక అనుకుంటాం గానీ, నేను చూసినంతలో కారణం అది కాదు. కొలత కుదరదు, లేదా మొదట వాడిన బట్ట మళ్లీ దొరకదు. ఈ రెండూ మొదటి రోజే ఖాయం చేసుకోండి. మిగతావన్నీ ఏ నెలకు ఆ నెల చూసుకోవచ్చు.

(కాగితం మీద గళ్ల బొమ్మ.)

ముందు లెక్క. బ్లాకు 12 అంగుళాలు. అడ్డం 5, నిలువు 6, మొత్తం 30 బ్లాకులు. బ్లాకుల మధ్యన, చుట్టూ 2 అంగుళాల పట్టీ. అప్పుడు బొంత 72 అంగుళాల వెడల్పు, 86 అంగుళాల పొడవు వస్తుంది. 5 అడుగుల వెడల్పు మంచానికి రెండు పక్కలా కాస్త వేలాడుతుంది. నెలకొకటి చొప్పున బ్లాకులకే రెండున్నరేళ్లు. తర్వాత మూడు పొరలు కలిపి కుట్టే పని వేరే ఉంది. హడావిడి పడితే అయ్యే పని కాదు, పడకండి.

ఆ పట్టీల బట్ట, బొంత కింది వైపు వేసే అడుగు బట్ట ఇప్పుడే కొనేయండి. 44 అంగుళాల పన్నా అయితే పట్టీలకు 2 మీటర్లు, అడుగు బట్టకు 5 మీటర్లు సరిపోతాయి. మ్యాచింగ్ సెంటర్‌లో ఈరోజు చూసిన మెరూన్ రెండేళ్ల తర్వాత అదే మెరూన్‌గా దొరుకుతుందన్న నమ్మకం లేదు. బ్లాకుల్లోకి మాత్రం ఏదైనా రావచ్చు: టైలర్ దగ్గర మిగిలిన ముక్కలు, అమ్మ చీర కొంగు, బతుకమ్మకు కట్టుకున్న పాత లంగా. నూలుదై ఉంటే చాలు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు దిగే ఊరు, 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన ఊరు మన వరంగల్. ఇక్కడ కూర్చుని పాలిస్టర్‌తో బొంత కుట్టడానికి నాకు మనసొప్పదు. పనిలో కూడా తేడా తెలుస్తుంది. నూలు బట్టను గోటితో నొక్కితే మడత నిలుస్తుంది, పాలిస్టర్ జారిపోతుంది.

పాత చీర అయితే వెలుతురుకు ఎత్తి చూడండి. పోగులు పలచబడ్డ చోట కత్తిరించొద్దు. కొత్త బట్ట అయితే ముందే ఉతకండి, కుదించుకుపోయేదేదో ఇప్పుడే కుదించుకుపోతుంది. ఎరుపు మీద అనుమానం ఉంటే తడిపి, తెల్లగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి. గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టేయండి.

(దగ్గరి నుంచి: రెండు చదరపు ముక్కలు, సూది.)

ఇప్పుడు అసలు కుట్టు. నైన్ ప్యాచ్‌లో వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు, తొమ్మిది చదరపు ముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్క పూర్తయ్యాక 4 అంగుళాలు ఉండాలి, అందుకని నాలుగున్నరకు కత్తిరిస్తాం. ఉల్టా వైపు నాలుగు అంచుల నుంచీ పావు అంగుళం లోపలికి పెన్సిల్‌తో గీత. రెండు ముక్కల సీదా వైపులు ఎదురెదురుగా పెట్టండి. గీతలు కలిసే మూల దగ్గర గుండుసూది గుచ్చి వెనక్కి తిప్పి చూడండి, అవతలి ముక్క మూలలోంచే బయటికి రావాలి. రాకపోతే తీసి మళ్లీ గుచ్చండి. మూరెడు దారం చాలు, పొడుగైతే చిక్కులు పడుతుంది. మూల నుంచి మూల దాకా గీత మీదే, అంగుళానికి ఆరేడు కుట్లు. మొదట, చివర ఒక్కో కుట్టు వెనక్కి వేయండి. గీత దాటి అంచు దాకా కుట్టొద్దు. ఆ పావు అంగుళం వదులుగా ఉంటేనే తర్వాత ఎటు కావాలంటే అటు మడవగలం.

ఇంత పట్టింపు ఎందుకంటే: ఒక్కో అంచులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పోయినా, మూడు ముక్కల మధ్య రెండు కుట్లలో కలిపి పావు అంగుళం తగ్గుతుంది. అట్లాంటి బ్లాకులు ఐదు పక్కపక్కన పెడితే అంగుళంపావు. అందుకే పూర్తయిన ప్రతి బ్లాకునూ టేపుతో కొలవండి. చుట్టూ కుట్టుకు వదిలిన పావు అంగుళంతో కలిపి పన్నెండున్నర ఉండాలి.

అయిన బ్లాకులను ఎండ తగలని చోట దాయండి. ఒక నెల కుదరకపోతే టెన్షన్ పడొద్దు, ఆ నెల వదిలేయండి.

(నేల మీద మూడు పొరలు పరుస్తున్న దృశ్యం.)

చివరికి మూడు పొరలు: కింద అడుగు బట్ట, మధ్యలో పలచటి దూది షీటు, పైన బ్లాకులు. ఏకిన దూది వద్దు, ఉతికితే ఉండలు కడుతుంది. షీటు దొరక్కపోతే పాత నూలు దుప్పటి వేయండి. ఉత్త నేల మీద పరిచి, జానెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. మెత్తగా ఉంటుందని కొత్తవాడ జంపఖానా మీద పరిస్తే సూది దాన్ని కూడా కలిపి పట్టేస్తుంది. తర్వాత బట్టను బిగువుగా పట్టి ఉంచే రింగును మధ్య నుంచి బయటికి బిగించుకుంటూ కుట్టాలి, అప్పుడు ముడతలు అంచుల వైపు వెళ్లిపోతాయి. అడుగున ఒక మూల, మొదలుపెట్టిన సంవత్సరం, ముగించిన సంవత్సరం, కుట్టినవాళ్ల పేరు దారంతో రాయండి.

మొదటిసారి చన్నీళ్లలోనే ఉతకండి. తడి బొంత చాలా బరువు, దండెం మీద వేలాడదీస్తే కుట్లు లాగుతాయి. నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టండి.