‘అమ్మకి ఎక్కించేదీ ఆ చెట్టు మందే’

యాంకర్: హలో, చెప్పండి. ఎక్కడి నుంచి?

కాలర్: వరంగల్ నుంచండీ. నమస్తే మేడమ్. మా బాబు గురించి. ఎనిమిదో తరగతి.

యాంకర్: రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి సార్, మీ మాట తిరిగి వినిపిస్తోంది.

కాలర్: తగ్గించానండి. స్కూల్ లైబ్రరీ నుంచి ఇంగ్లీషు నవల తెచ్చుకున్నాడు. ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ అట. రాత్రిళ్లు అది చదువుతూ దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నాడు. దయ్యాల పుస్తకం, లాక్కొమ్మని మా అమ్మ గొడవ. తీసి బీరువాలో పెట్టాను. అప్పట్నుంచి అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

సైకాలజిస్టు: ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అండీ?

కాలర్: (కాసేపు ఆగి) మా ఆవిడకి. రొమ్ము క్యాన్సర్. కీమో నడుస్తోంది. మీకెలా తెలిసింది?

సైకాలజిస్టు: నేనూ చదివాను ఆ నవల. ఏడ్చాను కూడా, అది వేరే సంగతి. ఇంగ్లండులో పదమూడేళ్ల పిల్లాడు, మంచాన పడ్డ వాళ్లమ్మ. రాత్రి 12 గంటల 7 నిమిషాలకి ఇంటి వెనక గుట్ట మీదున్న ‘యూ’ అనే రకం చెట్టు భూతమై కిటికీ దగ్గరికొస్తుంది. మూడు కథలు చెబుతుంది. నాలుగోది నువ్వు చెప్పు, నిజం చెప్పు అంటుంది. ఈ ఊహ షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. మొదలుపెట్టారు కానీ 2007లో ఆవిడే క్యాన్సర్‌తో పోయారు. తర్వాత పాట్రిక్ నెస్ అనే రచయిత తనదైన పద్ధతిలో రాస్తే 2011లో వచ్చింది.

కాలర్: ఇంకో మాట మేడమ్. ‘అమ్మకి ఎక్కించేది కూడా ఆ చెట్టు మందే నాన్నా’ అన్నాడు. నాకేం అర్థం కాలేదు.

సైకాలజిస్టు: మందు పేరు?

కాలర్: పాక్లి... పాక్లిటాక్సెల్.

సైకాలజిస్టు: బాబు సరిగ్గానే చెప్పాడు. అమెరికాలో దొరికే ఒక రకం యూ చెట్టు బెరడులోంచే దాన్ని మొదట తీశారు. అది ఎలాంటి పదార్థమో 1971లో బయటపెట్టిన శాస్త్రవేత్తల్లో ఒకరైన మన్సుఖ్ వాణి మన మహారాష్ట్రలో పుట్టినాయనే. కథలో అమ్మకి కూడా యూ చెట్టు మందే ఇస్తారు. అక్కడది పనిచేయదు. ఇప్పుడు అర్థమైందా?

కాలర్: అయ్యో.

సైకాలజిస్టు: మీ డాక్టరేమన్నారు?

కాలర్: రెండో స్టేజీ, మందు బాగా పనిచేస్తోందన్నారు.

సైకాలజిస్టు: ఆ మాట బాబుకి చెప్పారా?

కాలర్: చిన్నపిల్లాడు కదండీ... నీరసం అని చెప్పాం.

సైకాలజిస్టు: జుట్టు రాలిపోయాక కూడానా? వాడు మీ దగ్గర దొరకని జవాబు పుస్తకంలో వెతుక్కుంటున్నాడు. పుస్తకం వెనక్కివ్వండి. పక్కన కూర్చుని, స్టేజీ ఏంటో, డాక్టరేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ‘కథలో వాళ్ల జబ్బు వేరు, అమ్మది వేరు’ అనండి. ఏం కాదని మాత్రం ఒట్టేయకండి. ఇంకోటి. ‘ఇదెప్పుడు అయిపోతుందా’ అని కథలోని పిల్లాడికి అనిపిస్తుంది. తప్పు చేశానని కుమిలిపోతాడు. మీ వాడి మనసులోనూ అది ఉండొచ్చు. ఉంటే తిట్టకండి. మీకు మాత్రం ఎప్పుడూ అనిపించలేదా?

కాలర్: (గొంతు సవరించుకుని) అనిపించిందండీ.

సైకాలజిస్టు: వాడికి అదీ చెప్పండి. వారం పది రోజులైనా తిండీ నిద్రా కుదరకపోతే దగ్గర్లో పిల్లల సైకాలజిస్టుకి చూపించండి.

కాలర్: మా ఆవిడ కూడా ఆ పుస్తకం అడుగుతోంది మేడమ్. ఇవ్వమంటారా?

సైకాలజిస్టు: ఆవిడ ఇష్టం. చివర్లో ఏమవుతుందో ముందే చెప్పి ఇవ్వండి.