వెనక సీటులో అందరూ ఎందుకు నిద్రపోతారు? పెద్ద సెడాన్‌లో లాంగ్ డ్రైవ్

(దృశ్యం: కదులుతున్న కారు వెనక సీటు. ముగ్గురూ గాఢ నిద్రలో ఉన్నారు.)

ఐదుగురం, డిక్కీ నిండా సామాను, రెండు రోజుల్లో 900 కిలోమీటర్లు. ఇంజన్ సంగతి తర్వాత, ముందు వీళ్లను చూడండి. బయలుదేరిన అరగంటకే నిద్రలోకి జారుకున్నారు. మా పాత చిన్న కారులో అయితే ఈపాటికి "ఇంకా ఎంత దూరం?" అని పదిసార్లు అడిగేవాళ్లు.

(దృశ్యం: కారును పక్క నుంచి చూపాలి. రెండు చక్రాల మధ్య గీత.)

ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఉన్న ఈ దూరాన్ని వీల్‌బేస్ అంటారు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది రెండున్నర మీటర్లకు అటూఇటూ ఉంటుంది. పెద్ద సెడాన్లలో 2.8 మీటర్లు దాటుతుంది. దాంతో వెనక సీటు చక్రాల మీద కాకుండా కాస్త ముందుకు జరుగుతుంది. బస్సులో చివరి సీటులో, మధ్య సీటులో కూర్చుని చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.

ఇంకో సంగతి ఉంది, నాకు చాలా నచ్చేది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం గతుకెక్కాక, సెకనులో పదో వంతుకు వెనక చక్రం ఎక్కుతుంది. ముందు స్ప్రింగు అప్పటికే ఊగడం మొదలుపెట్టేసింది. రెండూ ఒకే తీరుగా ఊగితే ముక్కు లేచినప్పుడు తోక దిగుతుంది. కడుపులో తిప్పేది ఆ ఊపే. అందుకే వెనక స్ప్రింగులను కొంచెం చురుగ్గా ఊగేలా అమరుస్తారు. అవి ముందువాటిని అందుకుంటాయి, బండి మొత్తం ఒకేసారి లేచి, ఒకేసారి దిగుతుంది. 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు దీన్ని లోతుగా పరిశీలించాడు. ఆ వేగంలో మా కప్ హోల్డర్‌లోని బాటిల్ చూడండి, నీళ్లు పైకీ కిందికీ కదులుతున్నాయి తప్ప ముందుకూ వెనక్కూ ఎగరడం లేదు.

డిక్కీ విడిగా ఉండటం వల్ల సామాను చప్పుడు కూడా పెద్దగా లోపలికి రాదు.

అయితే ఈ హాయిలోనే నాకు భయం వేసేదీ ఉంది. వేగం తెలియదు. 80లో వెళ్తున్నాననుకుని మీటర్ చూస్తే 110. ఆ తేడాకు బ్రేకులు ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఐదుగురి బరువు దానికి అదనం. అందుకే మనం పెట్టిన వేగాన్ని తనే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకున్నాను.

బయలుదేరే ముందు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూడండి. ఫుల్ లోడ్‌కు టైర్లలో ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో అక్కడ విడిగా రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

(దృశ్యం: రాత్రి. స్టీరింగ్ పక్కన చిన్న డయల్, మీద 0 నుంచి 3 వరకు అంకెలు.)

ఇది మాత్రం నేను మర్చిపోయాను. చీకటి పడ్డాక ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది. నేను డిమ్‌లోనే ఉన్నాను, ఎందుకో అర్థం కాక ఒకటే టెన్షన్. పక్కన ఆపి చూస్తే, డిక్కీ బరువుకు వెనక భాగం కిందికి దిగి, హెడ్‌లైట్లు పైకి కొడుతున్నాయి. పాపం, అంతసేపూ ఎదుటివాళ్ల కళ్లలోకే వేశాను. డయల్‌ను 2కి తిప్పాను, వెలుగు రోడ్డు మీదికి దిగింది. ఆ తర్వాత ఎదురొచ్చిన లారీ డిప్పర్ కొట్టకుండా వెళ్లిపోయింది.